మన బిల్డింగ్ కరెంటు ఎక్కడికి పోతోంది? సెక్రటరీలు, ఫెసిలిటీ మేనేజర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు, హాస్పిటల్ అడ్మిన్ వాళ్లు, ఆఫీసు బిల్డింగ్‌లు చూసుకునే ఫెసిలిటీ మేనేజర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. లెక్కల్లో యూనిట్ 8 రూపాయలు అని పెట్టుకున్నాను, అది ఉదాహరణకే, మీ కేటగిరీ రేటు మీ బిల్లు మీదే ఉంటుంది కాబట్టి అది పెట్టి లెక్క వేసుకోండి.

బిల్లు బాగా ఎక్కువొస్తోంది, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఏదీ కొనకండి ముందు. చాలామంది కమిటీ మీటింగ్ పెట్టగానే సోలార్ కొటేషనో, ఎల్‌ఈడీ కొటేషనో తెప్పిస్తారు, అసలు కరెంటు దేనికి ఖర్చవుతోందో ఎవరికీ తెలీదు. పోయిన 12 నెలల బిల్లులు తీసి ఒక షీట్‌లో ఎక్కించండి, యూనిట్లు, రికార్డ్ అయిన మ్యాక్సిమమ్ డిమాండ్ (ఆ నెలలో ఒకేసారి లాగిన అత్యధిక లోడ్), పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు), మొత్తం డబ్బు, ఈ నాలుగు చాలు. పోల్చేటప్పుడు ఏప్రిల్‌ని మార్చితో కాదు, పోయినేడు ఏప్రిల్‌తో పోల్చండి, లేకపోతే ఎండ వల్ల పెరిగిందా వేరే కారణమా అనేది తేలదు.

తర్వాత చేయాల్సింది ఒకటే, రాత్రి 2 గంటలకి మెయిన్ ప్యానెల్ దగ్గరికెళ్లి లోడ్ ఎంతుందో రాసుకోండి. ఆఫీసు బిల్డింగ్ అనుకోండి, పగలు 200 కిలోవాట్లు లాగుతుంది, రాత్రి అందరూ వెళ్లిపోయాక కూడా 60 ఉంది. ఆ 60 రోజుకి 10 గంటల చొప్పున నెలకి 18,000 యూనిట్లు, అంటే 1,44,000 రూపాయలు, మనిషి లేని బిల్డింగ్‌కి. సర్వర్ రూమ్, సెక్యూరిటీ లైట్లు, ఫైర్ ప్యానెల్ తీసేస్తే మిగిలింది ఏంటి అని వెతకడం మొదలుపెట్టండి, ఆపని ఏహెచ్‌యూలు (సెంట్రల్ ఏసీ గాలిని పంపే యూనిట్లు), ఎవరూ వాడని ఫ్లోర్‌లో స్ప్లిట్ ఏసీలు, ప్యాంట్రీలో గీజర్లు, బేస్‌మెంట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఇవన్నీ బయటికొస్తాయి. బిల్డింగ్ గురించి నిజం చెప్పేది ఈ రాత్రి రీడింగే అని నా గట్టి నమ్మకం.

బిల్లులో యూనిట్లు కాకుండా ఇంకేం చూడాలి?

మీది 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే రెండు విషయాలు. మొదటిది కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే డిస్కమ్ (కరెంటు పంపిణీ కంపెనీ)తో ఇంత లోడ్ అని కేవీఏలో రాసుకున్న పరిమితి. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ వాళ్లకి ఆ నెల రికార్డ్ అయిన డిమాండ్, కాంట్రాక్ట్‌లో 80 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ ఛార్జీ వేస్తారు. బిల్డర్ మొదట్లో 300 కేవీఏ తీసుకున్నాడు అనుకోండి, మీరు ఏడాది మొత్తంలో ఎప్పుడూ 150 దాటలేదు, అయినా 240కి కడుతున్నారు. కేవీఏకి 500 అనుకుంటే 90 కేవీఏకి నెలకి 45,000 ఊరికే పోతోంది, ఒక్క స్విచ్ కూడా ఆపకుండా మిగుల్చుకోగలిగిన డబ్బు అది.

రెండోది కేవీఏహెచ్ బిల్లింగ్, అంటే పనికొచ్చిన కరెంటుకే కాదు, లాగిన మొత్తానికి బిల్లు. హెచ్‌టీలో మీకు కేవీఏహెచ్ మీద బిల్లు వేస్తారు కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడితే నేరుగా యూనిట్లు పెరుగుతాయి. 10,000 కిలోవాట్ అవర్లు వాడారు, పవర్ ఫ్యాక్టర్ 0.90 అయితే 11,111 యూనిట్లకి కడతారు, 0.99 అయితే 10,101కి. పవర్ ఫ్యాక్టర్‌ని దానంతటదే సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, ప్యానెల్ ఉంటుంది, లోపల కెపాసిటర్లు ఉబ్బిపోయో ఫ్యూజ్ కొట్టేసో ఉంటాయి, కంట్రోలర్ మాన్యువల్‌లో ఉంటుంది. తలుపు తీసి చూడమనండి, ఒక్కో కెపాసిటర్‌కి క్లాంప్ మీటర్ పెట్టి మూడు ఫేజుల్లోనూ కరెంటు లాగుతుందో లేదో చూస్తే గంటలో తేలిపోతుంది.

డిమాండ్ తగ్గించుకుంటే ఎండాకాలంలో పెనాల్టీ పడదా?

పడుతుంది, తొందరపడి తగ్గిస్తే. అందుకే 12 నెలల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నెల చూసి, దానిమీద కొంచెం ఉంచుకుని తగ్గించాలి. పై ఉదాహరణలో 150 గరిష్ఠం అయితే 190 కేవీఏ దగ్గర ఆగొచ్చు, అప్పుడు 80 శాతం అంటే 152కే కడతారు, ఎండలకి 40 కేవీఏ చేతిలో ఉంటుంది. కొత్తగా టవర్ ఆక్యుపై అవుతుందా, ఈవీ ఛార్జర్లు వస్తాయా అనేది ముందే ఆలోచించుకోండి, ఎందుకంటే తగ్గించుకున్నాక మళ్లీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి. డిస్కమ్ అగ్రిమెంట్‌లో డీరేషన్‌కి (డిమాండ్ తగ్గించుకోవడానికి) షరతులు ఉంటాయి, అప్లికేషన్ పెట్టేముందు అవి చదవండి.

డిమాండ్ ఒక్కసారిగా ఎగరడానికి ఇంకో మామూలు కారణం, కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని పంపులు, బ్లోయర్లు, చిల్లర్లు (సెంట్రల్ ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రాలు) ఒకేసారి స్టార్ట్ అవ్వడం. టైమర్ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చేస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చేం కాదు.

ఈపీఐ అంటున్నారు, అదేంటి? మా బిల్డింగ్ బాగుందో లేదో దాంతో తెలుస్తుందా?

ఏడాదికి వాడిన మొత్తం యూనిట్లని బిల్డింగ్ విస్తీర్ణంతో, చదరపు మీటర్లలో, భాగిస్తే వచ్చేదే ఈపీఐ, ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్. లక్ష చదరపు అడుగులంటే 9,290 చదరపు మీటర్లు, ఏడాదికి 12 లక్షల యూనిట్లు వాడితే 129 వస్తుంది. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఏంటంటే జనరేటర్ ఇచ్చిన యూనిట్లు, సోలార్ ఇచ్చిన యూనిట్లు కూడా కలపాలి, డిస్కమ్ బిల్లు ఒక్కటే తీసుకుంటే సోలార్ పెట్టిన ప్రతి బిల్డింగూ గొప్పగా కనిపిస్తుంది. పార్కింగ్ బేస్‌మెంట్ విస్తీర్ణం కలిపేస్తే కూడా అంకె తప్పుగా తగ్గిపోతుంది, అది కలపొద్దు.

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, మనం బీఈఈ అంటాం, 2009లో ఆఫీసు బిల్డింగ్‌లకి స్టార్ రేటింగ్ పెట్టింది. అప్పటి బ్యాండ్స్ ప్రకారం కాంపోజిట్ జోన్‌లో సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసుకి 90 లోపు వస్తే 5 స్టార్, 115 నుంచి 140 మధ్య 3 స్టార్. హైదరాబాద్ కాంపోజిట్ జోన్‌లో ఉంది, వైజాగ్ వార్మ్ అండ్ హ్యూమిడ్‌లో ఉంది, అక్కడి బ్యాండ్స్ కాస్త వేరు. కానీ 24 గంటలు నడిచే కాల్ సెంటర్‌ని పగలు మాత్రమే నడిచే ఆఫీసుతో పోల్చకండి, హాస్పిటల్‌కి మంచానికి ఎన్ని యూనిట్లు, హోటల్‌కి రూముకి ఎన్ని యూనిట్లు అని చూడటం మేలు. అపార్ట్‌మెంట్‌కి అయితే కామన్ ఏరియా యూనిట్లని ఫ్లాట్ల సంఖ్యతో భాగించండి, పక్క కమ్యూనిటీ సెక్రటరీని అడిగి పోల్చుకోండి, అంతకంటే మంచి బెంచ్‌మార్క్ మీకు దొరకదు.

ఎనర్జీ ఆడిట్ చేయించాలా? ఎవరిచేత?

నెలకి లక్షల్లో బిల్లు వస్తుంటే చేయించండి. బీఈఈ పరీక్ష పాసైన సర్టిఫైడ్ ఎనర్జీ ఆడిటర్లు ఉంటారు, వాళ్లచేతే చేయించండి. ఊరికే తిరిగి చూసి రాసే వాక్‌త్రూ ఆడిట్ వేరు, పవర్ అనలైజర్, అల్ట్రాసోనిక్ ఫ్లో మీటర్ పెట్టి ప్రతి పెద్ద యంత్రాన్నీ కొలిచే డీటెయిల్డ్ ఆడిట్ వేరు, కొటేషన్ తీసుకునేటప్పుడు ఏది చేస్తున్నారో రాతపూర్వకంగా అడగండి. కొలిచిన అంకెలు లేకుండా ‘మోటర్లు ఐఈ3 (తక్కువ కరెంటు తినే రకం)కి మార్చండి, ఎల్‌ఈడీలు పెట్టండి’ అని ఏ బిల్డింగ్‌కైనా అతికే రిపోర్టు ఇస్తే డబ్బు ఆపేయండి. ఫ్రీ ఆడిట్ అంటూ వచ్చేవాళ్లు సాధారణంగా ఏదో ఒకటి అమ్మడానికి వస్తారు, వాళ్ల రిపోర్టులో చివరికి వాళ్ల సరుకే తేలుతుంది.

ఆడిటర్ లేకుండా మేమే కొలుచుకోగలిగింది ఏదైనా ఉందా?

ఉంది, పంపు. ఒక ఆదివారం పొద్దున పెట్టుకోండి, ఎలక్ట్రీషియన్‌ని, ప్లంబర్‌ని పక్కన పెట్టుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకు లోపలి కొలతలు తీసుకోండి, 3 మీటర్లు బై 2 మీటర్లు అనుకుందాం. ట్యాంకు నుంచి ఫ్లాట్లకి వెళ్లే వాల్వులు కట్టేసి పంపు ఆన్ చేయండి, నీళ్లు ఒక మీటరు ఎత్తు పెరగడానికి ఎంత టైం పట్టిందో చూడండి. 20 నిమిషాలు పట్టిందంటే 6 క్యూబిక్ మీటర్లు, గంటకి 18. అదే టైంలో కింద ప్యానెల్‌లో ఆ పంపు ఎన్ని కిలోవాట్లు లాగుతోందో రాసుకోండి, 5.6 అనుకోండి.

ఇప్పుడు సంపు నీటిమట్టం నుంచి ట్యాంకు పైదాకా ఎత్తు 35 మీటర్లు, పైపులో పోయేదానికి ఇంకో 5 కలిపి 40. గంటకి 18, హెడ్ (ఆ మొత్తం ఎత్తు) 40, ఈ రెండిటినీ 9.81తో గుణించి 3,600తో భాగిస్తే 1.96 కిలోవాట్లు వస్తుంది, నీళ్లు పైకెక్కడానికి నిజంగా కావాల్సింది అంతే. మీరు ఇస్తోంది 5.6, అంటే 35 శాతం పని, మిగతా 65 శాతం వేడిగా, శబ్దంగా పోతోంది. సరైన పంపు, సరైన మోటర్ ఉంటే 55 శాతం రావడం కష్టమేం కాదు, అప్పుడు 3.6 కిలోవాట్లు చాలు. రోజుకి 6 గంటలు నడిస్తే నెలకి 360 యూనిట్లు, 2,880 రూపాయలు, ఒక్క పంపు మీద. కొత్త పంపు ధరని ఈ అంకెతో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో మీకే తెలుస్తుంది, ఏ సేల్స్‌మన్ మాటా నమ్మక్కర్లేదు.

పంపు మార్చేముందు ఫుట్‌వాల్వ్ లీకవుతోందా, డెలివరీ వాల్వ్ సగం మూసి ఉందా, ఇంపెల్లర్ అరిగిపోయిందా చూడండి. నాలుగైదుసార్లు రీవైండింగ్ చేయించిన మోటర్‌ని ఇంకోసారి రీవైండింగ్‌కి పంపకండి, ప్రతిసారీ ఎంతో కొంత ఎఫిషియెన్సీ పోతుంది.

ఎల్‌ఈడీలు మొత్తం మార్చేశాం, అయినా బిల్లు పెద్దగా తగ్గలేదు, ఎందుకు?

ఎందుకంటే వాట్లు తగ్గాయి కానీ గంటలు తగ్గలేదు. బేస్‌మెంట్‌లో 18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు 200 ఉన్నాయి, 24 గంటలూ వెలుగుతున్నాయి, నెలకి 2,592 యూనిట్లు. పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు, రాత్రి 11 నుంచి తెల్లారి 5 వరకు సగం ట్యూబులు ఆపితే, అది రోజుకి 13 గంటలు, నెలకి 702 యూనిట్లు మిగులుతాయి. దీనికి సర్క్యూట్‌ని రెండుగా విడదీసి ఒక టైమర్ పెడితే చాలు. మోషన్ సెన్సర్లు ఇంకా బాగుంటాయి కానీ పూర్తిగా చీకటి అయ్యే సెన్సర్లు పెట్టకండి, రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చే ఆడపిల్లలు చీకటి బేస్‌మెంట్‌లోకి కారు దింపాలంటే భయపడతారు, మసకగా వెలిగి మనిషి రాగానే పూర్తిగా వెలిగే రకం తీసుకోండి. భద్రత తగ్గించి కరెంటు మిగిల్చడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఫ్యాన్ల సంగతి మాత్రం వేరు, పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 30 అటూఇటూ. హాస్టళ్లు, హాస్పిటల్ వార్డులు, కాలేజీల్లో రోజంతా ఫ్యాన్ తిరిగే చోట మార్చడం మంచి బేరం.

గేటెడ్ కమ్యూనిటీలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు తినేది ఏది? లిఫ్టులేనా?

అందరూ లిఫ్టులనే అనుమానిస్తారు. లిఫ్టు మోటర్ పెద్దదే కానీ నడిచేది కాసేపే. చాలా కమ్యూనిటీల్లో అసలు దొంగ ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్) బ్లోయర్, అంటే అందులోకి గాలి ఊదే యంత్రం. రాత్రీపగలూ ఆగకుండా తిరుగుతుంది, 7.5 కిలోవాట్ల బ్లోయర్ ఒక్కటి నెలకి 5,400 యూనిట్లు. ఎస్‌టీపీని బిల్డర్ అన్ని ఫ్లాట్లూ నిండితే వచ్చే మురుగునీటికి డిజైన్ చేసి ఉంటాడు, సగమే నిండి ఉన్నా బ్లోయర్లు మాత్రం పూర్తిగా తిరుగుతుంటాయి.

ఏరేషన్ ట్యాంకులో డిజాల్వ్డ్ ఆక్సిజన్ కొలవమనండి, లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలు, 5, 6 చూపిస్తోందంటే మీరు డబ్బుని గాల్లోకి ఊదుతున్నట్టే. మోటర్ స్పీడ్ మార్చే వీఎఫ్‌డీ పెట్టి స్పీడ్ తగ్గించొచ్చు, లేదా రెండు బ్లోయర్లని వంతులవారీగా నడపొచ్చు. కానీ పూర్తిగా గంటలకొద్దీ ఆపేస్తే బ్యాక్టీరియా చచ్చిపోయి వాసన మొదలవుతుంది, శుద్ధికాని నీళ్లు చెరువులోకి పోతాయి, కాబట్టి ఎస్‌టీపీ ఆపరేటర్‌ని కూర్చోబెట్టుకుని కొద్దికొద్దిగా, నీళ్ల టెస్ట్ రిపోర్టు చూసుకుంటూ తగ్గించండి. డిఫ్యూజర్లు (నీళ్లలోకి గాలి బుడగలు వదిలేవి) మూసుకుపోయి ఉంటే బ్లోయర్ ఎంత తిరిగినా గాలి నీళ్లలో కలవదు, అది కూడా చూడండి.

వీఎఫ్‌డీ ఎందుకంత పనిచేస్తుందంటే, సెంట్రిఫ్యూగల్ పంపులు, ఫ్యాన్లలో స్పీడ్ 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, స్పీడ్‌కి ఘనం లెక్కన. ఎస్‌టీపీల్లో ఎక్కువగా ఉండే ట్విన్ లోబ్ బ్లోయర్‌లో మాత్రం అంత రాదు, అక్కడ స్పీడ్ ఎంత తగ్గితే కరెంటు దాదాపు అంతే తగ్గుతుంది, అయినా 24 గంటలు నడిచేదానికి అది కూడా పెద్ద మొత్తమే.

ఏసీ 24లో పెట్టమంటారు, స్టాఫ్ ఒప్పుకోవట్లేదు, ఏం చేయాలి?

బీఈఈ లెక్క ప్రకారం ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుంది, 2020 జనవరి నుంచి అమ్ముతున్న స్టార్ లేబుల్ రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని రూల్ కూడా ఉంది. కానీ సర్క్యులర్ వేసి బలవంతంగా చేస్తే రెండు రోజుల్లో మళ్లీ 18కి వస్తుంది. జనం 18 ఎందుకు పెడుతున్నారో చూడండి, చాలాసార్లు పడమర వైపు అద్దాల పక్కన కూర్చున్న మనిషికి ఎండ నేరుగా తగులుతోంది, ఆ మనిషి కోసం ఫ్లోర్ మొత్తం వణుకుతోంది. అక్కడ బ్లైండ్లో, సన్ కంట్రోల్ ఫిల్మో వేయండి, లేదా సీటు మార్చండి. ఫ్యాన్ ఉంటే 26లో కూడా హాయిగానే ఉంటుంది, మనం ఇళ్లల్లో చేసేది అదేగా.

ఫిల్టర్లు కడగడం, అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ కడగడం మాత్రం వాయిదా వేయకండి. అవుట్‌డోర్ యూనిట్లన్నీ ఒక ఇరుకు డక్టులో ఒకదాని మీద ఒకటి పెట్టిన బిల్డింగ్‌లు మన ఊళ్లల్లో బోలెడు, పై యూనిట్ కింద యూనిట్ వదిలిన వేడిగాలినే పీల్చుకుంటుంది, అలాంటప్పుడు 5 స్టార్ ఏసీ కొన్నా ఉపయోగం ఉండదు.

చిల్లర్ పాతబడింది, మార్చేయమంటున్నారు. నిజంగా మార్చాలా?

ముందు టన్నుకి (టన్ను అంటే చల్లబరిచే సామర్థ్యానికి కొలత) ఎన్ని కిలోవాట్లు లాగుతోందో తెలుసుకోండి. చిల్డ్ వాటర్ గంటకి 60 క్యూబిక్ మీటర్లు పోతోంది, వెళ్లే నీళ్లకీ తిరిగొచ్చే నీళ్లకీ తేడా 4 డిగ్రీలు, రెండూ గుణించి 3.024తో భాగిస్తే 79 టన్నులు. కంప్రెసర్ 80 కిలోవాట్లు లాగుతోందంటే టన్నుకి ఒక కిలోవాట్ పైనే. వాటర్ కూల్డ్ చిల్లర్‌కి ఇది చాలా ఎక్కువ, మంచివి 0.6 దగ్గర నడుస్తాయి.

అయినా వెంటనే మార్చేయకండి. మన దగ్గర బోరు నీళ్లు గట్టివి, హైదరాబాద్‌లో మరీను, కండెన్సర్ ట్యూబుల్లో సున్నంలా పేరుకుపోతుంది. ట్యూబులు క్లీన్ చేయించి, కూలింగ్ టవర్ ఫిల్స్, నాజిల్స్ చూసి మళ్లీ కొలవండి. కొలిచాక కూడా 0.9 పైనే ఉంటే, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో చూసి అప్పుడు కొత్తదాని లెక్క వేయండి. ఇంకో విషయం, కొత్త చిల్లర్ పాతదాని సైజులోనే కొనకండి, రెండు 200 టన్నుల చిల్లర్లు ఉండి ఎండాకాలంలో కూడా ఒకటే నడిచే బిల్డింగ్‌లు ఉన్నాయి. మీ అసలు లోడ్ ఎంతో ఒక ఎండాకాలం అంతా రాసుకుని, దాన్నిబట్టి సైజ్ చేయండి.

హాస్పిటల్‌లో కరెంటు తగ్గించడం రిస్క్ కాదా?

ఓటీ, ఐసీయూ, ఐసొలేషన్ రూముల జోలికి మీ అంతట మీరు వెళ్లకండి. అక్కడ గాలి మారడం, ప్రెజర్, తేమ అన్నీ పేషెంట్ ప్రాణానికి సంబంధించినవి, ఏ మార్పైనా ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఒప్పుకున్నాకే. కానీ హాస్పిటల్ అంటే ఓటీ ఒక్కటే కాదు కదా, ఓపీ బ్లాక్ సాయంత్రానికి ఖాళీ అయినా ఏసీ రాత్రంతా నడుస్తుంది, లాండ్రీలో, కిచెన్‌లో, సీఎస్‌ఎస్‌డీలో (పరికరాలు స్టెరిలైజ్ చేసే చోటు) వేడినీళ్లు, ఆవిరి లైన్లకి ఇన్సులేషన్ ఊడిపోయి ఉంటుంది, మెడికల్ ఎయిర్ కంప్రెసర్ లీకుల వల్ల ఆగకుండా లోడవుతుంటుంది. అక్కడ మొదలుపెట్టండి, డాక్టర్లకి ఏ అభ్యంతరమూ ఉండదు.

జనరేటర్ ఖర్చు ఎలా చెక్ చేయాలి?

డీజీకి, అంటే డీజిల్ జనరేటర్‌కి, యూనిట్ మీటర్ ఉందా చూడండి, లేకపోతే పెట్టించండి. లీటరు డీజిల్‌కి 3 నుంచి 3.5 యూనిట్లు రావాలి. లీటరు 95 అనుకుంటే యూనిట్ 27 నుంచి 32 రూపాయలు, డిస్కమ్ కరెంటుకి మూడు నాలుగు రెట్లు. మీకు లీటరుకి 2 యూనిట్లే వస్తోందంటే సెట్ చాలా తక్కువ లోడ్ మీద నడుస్తోంది, లేదా సర్వీసింగ్ సరిగా లేదు, లేదా డీజిల్ వేరే దారిన పోతోంది. 500 కేవీఏ సెట్‌ని అర్ధరాత్రి 60 కేవీఏ కోసం నడపడం ఇంజిన్‌కి కూడా మంచిది కాదు, రాత్రి లోడ్‌కి చిన్న సెట్ విడిగా ఉండటం నయం.

ఇదంతా ఎందుకు, సోలార్ పెట్టేస్తే అయిపోదా?

సోలార్ పెట్టండి, నేను కాదనను, మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు వస్తాయి. పీఎం సూర్య ఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి కామన్ ఏరియా కోసం కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల వరకు. కానీ వృథాని ఆపకుండా సోలార్ పెడితే ఆ వృథాకి సరిపడా ప్యానెళ్లు కూడా కొంటున్నారన్నమాట. ముందు లోడ్ తగ్గించండి, మిగిలినదానికి సైజ్ చేయండి, ఖర్చు ఎంత తగ్గుతుందో చూస్తారు. పైకప్పు మీద నీడ లేని చోటు కూడా పెద్ద బిల్డింగ్‌ల్లో తక్కువే ఉంటుంది, అది ఎలాగూ అన్ని యూనిట్లకీ చాలదు. ప్యానెళ్లు కడగడానికి నీళ్ల లైను, నడవడానికి దారి డిజైన్‌లోనే అడగండి, తర్వాత ఎవరూ పెట్టరు.

టాప్ ఫ్లోర్ ఉడికిపోతోంది, కూల్ రూఫ్ పని చేస్తుందా?

చేస్తుంది. తెల్లటి రిఫ్లెక్టివ్ పెయింటో, తెల్ల టైల్సో వేస్తే స్లాబ్ వేడెక్కడం బాగా తగ్గుతుంది, పై ఫ్లోర్ ఏసీ లోడ్ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకి, స్థలం ఎంతున్నా కమర్షియల్ బిల్డింగ్‌లకి తప్పనిసరి చేసింది. హైదరాబాద్ కొత్తగూడలో సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ బిల్డింగ్‌ని 2004లో కలాం గారు ప్రారంభించారు, వీలైతే వెళ్లి చూడండి, పైకప్పులో ఎక్కువ భాగం గార్డెనే, లోపల నడి వాకిళ్లలోంచి వెలుతురు వస్తుంది. మన ఊళ్లోనే ఉన్న బిల్డింగ్ కాబట్టి ఆర్కిటెక్ట్‌కి చూపించి అడగడం తేలిక.

చట్టప్రకారం ఏమైనా చేయాలా?

ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం 2001లో వచ్చింది, బీఈఈ 2002 మార్చిలో మొదలైంది. కమర్షియల్ బిల్డింగ్‌లకి ఈసీబీసీ కోడ్ (కరెంటు ఆదా అయ్యేలా కట్టాలనే నిబంధనలు) 2007లో వచ్చింది, 2017లో మార్చారు, మన రెండు రాష్ట్రాలూ 2014 ప్రాంతంలోనే సొంత వెర్షన్లు నోటిఫై చేశాయి. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ ఉన్న బిల్డింగ్‌లు కోడ్ కిందికి వస్తాయి, 2022 సవరణతో రాష్ట్రాలు ఈ పరిమితిని ఇంకా తగ్గించొచ్చు, ఇళ్ల బిల్డింగ్‌లని కూడా చేర్చారు. కొత్తగా కడుతుంటే ఆర్కిటెక్ట్‌ని దీని గురించి డ్రాయింగ్ దశలోనే అడగండి. ఇప్పటికే కట్టేసిన బిల్డింగ్ అయితే మీ దారి ఆడిట్, మెయింటెనెన్సే.

ఐఎస్‌ఓ 50001 తీసుకోవాలా?

ఇది ఎనర్జీ మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే సర్టిఫికెట్, పెద్ద క్యాంపస్, ఎక్స్‌పోర్ట్ క్లయింట్లు ఉంటే ఉపయోగం. 200 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ అందులోని పద్ధతి తీసుకోండి, కరెంటు ఎక్కువ తినే నాలుగైదు యంత్రాలు ఏవో గుర్తించడం, వాటికి విడి మీటర్లు పెట్టడం, ఒక మనిషికి పేరుపెట్టి బాధ్యత ఇవ్వడం, నెలకోసారి కూర్చుని అంకెలు చూడటం. సబ్‌మీటర్ మామూలుది పెట్టినా చాలు, రోజూ చదివేవాళ్లు ఉండాలి అంతే.

స్టాఫ్ సహకరించట్లేదు, లాగ్‌బుక్ సరిగా రాయరు, ఏం చేయాలి?

ఈ ప్రశ్నకి నేను కాస్త గట్టిగానే జవాబు చెప్తాను. చాలా ప్యానెల్ రూముల్లో లాగ్‌బుక్ తెరిస్తే గంట గంటకీ పవర్ ఫ్యాక్టర్ 0.99, వోల్టేజ్ 415, నెలంతా ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉంటుంది, షిఫ్ట్ చివర్లో ఒకేసారి నింపేస్తారు. ఆ ఎలక్ట్రీషియన్‌ని తిట్టి లాభం లేదు, అతను రాసింది ఎవరైనా చదివారా ఎప్పుడైనా? 40 కాలమ్‌ల షీట్ ఇచ్చి ఎవరూ చూడకపోతే ఎవరైనా అలాగే రాస్తారు.

షీట్‌ని 6 కాలమ్‌లకి తగ్గించండి. మెయిన్ మీటర్ యూనిట్లు, డిమాండ్, పవర్ ఫ్యాక్టర్, ఎస్‌టీపీ మీటర్, పంపుల మీటర్, డీజీ యూనిట్లు, అంతే, రోజుకి రెండుసార్లు, పొద్దున 7కి మీటర్ ఫోటో గ్రూప్‌లో పెట్టమనండి. ఆ రోజు నిన్నటికంటే 300 యూనిట్లు ఎక్కువొస్తే అదే రోజు ఫోన్ చేసి ‘ఏమైంది తమ్ముడూ’ అని అడగండి. వారం రోజులు అలా అడిగితే మీకు తెలియని సంగతులు వాళ్లే చెప్తారు, ఫలానా టవర్‌లో ఫ్లోట్ వాల్వ్ పనిచేయక ట్యాంకు పొంగుతోంది సార్, ఆ పంపు రాత్రంతా తిరుగుతోంది అని. వాళ్లకి ఎప్పట్నించో తెలుసు, అడిగినవాళ్లే లేరు. మిగిలిన డబ్బులో కొంత వాళ్లకి బోనస్‌గా ఇవ్వండి, అది వాళ్ల కష్టం, న్యాయంగా వాళ్లకి రావాలి.

ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్ బాక్సులు?

వద్దు. ఇంటి మీటర్ కిలోవాట్ అవర్లు కొలుస్తుంది, ఆ బాక్సులో ఉండేది చిన్న కెపాసిటర్, దానివల్ల మీ యూనిట్లు తగ్గవు.

మార్పులు చేశాక నిజంగా మిగిలిందో లేదో ఎలా తేల్చాలి?

చేయకముందే బేస్‌లైన్ రాసిపెట్టుకోవాలి, చేశాక వెతికితే దొరకదు. పోయినేడు అదే నెల యూనిట్లు, ఎన్ని ఫ్లాట్లు నిండి ఉన్నాయి, ఎండ ఎలా ఉంది, ఇవి పక్కన రాసుకోండి. ఆదాలో వాటా తీసుకునే ఎస్కో కంపెనీతో ఒప్పందం చేసుకుంటే ఈ బేస్‌లైనే మొత్తం గొడవకి మూలం అవుతుంది, ఆక్యుపెన్సీ మారితే ఎలా సర్దాలి అనేది అగ్రిమెంట్‌లో ముందే రాయించండి. కొలవడానికి ఐపీఎంవీపీ అనే పద్ధతి ఉంది, అందులో ఏ ఆప్షన్ వాడుతున్నారో అడగండి.

బాగా కొలిచిన ఉదాహరణ చూడాలంటే హైదరాబాద్ దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. ఒకే బిల్డింగ్‌ని సగానికి విడదీసి ఒక వైపు మామూలు ఏసీ, ఇంకోవైపు స్లాబులో పైపులు వేసి చల్లటి నీళ్లు పంపే రేడియంట్ కూలింగ్ పెట్టారు, రెండు వైపులా విడి మీటర్లతో. రేడియంట్ వైపు ఏసీకి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువైంది. ఎవరూ వాదించలేదు, ఎందుకంటే రెండు సగాలకీ అదే ఎండ, అదే రకం జనం, అదే గోడలు.

ఈవీ ఛార్జర్లు పెట్టమని ఓనర్లు అడుగుతున్నారు, మా లోడ్ తట్టుకుంటుందా?

పది కార్లకి 7.4 కిలోవాట్ల ఛార్జర్లు పెడితే, అందరూ రాత్రి 8కి వచ్చి ప్లగ్ పెడితే 74 కిలోవాట్లు ఒకేసారి, అదీ లిఫ్టులు, పంపులు, ఇళ్ల ఏసీలు అన్నీ నడిచే టైంలో. కామన్ మీటర్ మీద వేస్తే కారు లేనివాళ్లు కూడా కట్టినట్టవుతుంది, గొడవలు అక్కడే మొదలవుతాయి, కాబట్టి విడి మీటర్ తీసుకోండి, డిస్కమ్‌లో ఈవీ ఛార్జింగ్‌కి విడి కేటగిరీ ఉంది. లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న ఛార్జర్లు తీసుకుంటే మొత్తం 30 కిలోవాట్లు దాటకుండా అవే పంచుకుంటాయి, రాత్రి 11 తర్వాత ఛార్జింగ్ మొదలయ్యేలా పెడితే పొద్దుటికల్లా పది కార్లూ రోజువారీ తిరుగుడికి సరిపడా నిండుతాయి. కేబుల్ సైజు, ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో చెక్ చేయించాకే పర్మిషన్ ఇవ్వండి, పార్కింగ్‌లో మామూలు 15 యాంప్స్ సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బోర్డ్ తగిలించి కారు ఛార్జ్ చేస్తున్న వాళ్లు ఎవరైనా ఉంటే ఈరోజే ఆపించండి.